నాన్న ముఖం కుదరడం లేదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నాకు 43 ఏళ్లు. నాగోల్‌లో ఉంటాం, అమీర్‌పేటలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. మా నాన్న పక్షవాతంతో రెండేళ్లు మంచం మీద ఉండి, పది నెలల కిందట పోయారు. పగలు నా భార్య, రాత్రి నేను చూసుకునేవాళ్లం. ఒకరోజు రాత్రి మూడోసారి పిలిచేసరికి "ఎన్నిసార్లు లేవాలి నాన్నా" అని గట్టిగా అరిచాను. ఆ తర్వాత రెండు వారాలకే ఆయన పోయారు. ఇప్పుడు పిలిచేవాళ్లు లేరు. అయినా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ తెల్లారేదాకా నిద్రపట్టదు.

చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాడిని. "బొమ్మలు కూడు పెడతాయా" అంటూ నాన్నే నా డ్రాయింగ్ పుస్తకాలు అటకెక్కించారు. ఈమధ్య ఆఫీసులో ఒకాయన పెయింటింగ్ వేస్తే మనసు కుదుటపడుతుందంటే అక్రిలిక్ రంగులు, కాన్వాసులు కొన్నాను. నాన్న ఫొటో ముందు పెట్టుకుని ఆయన బొమ్మే వేస్తున్నాను. సంవత్సరీకానికి గోడకు పెట్టాలని ఆశ. ఎన్నిసార్లు వేసినా ఆయన రావడం లేదు, ఇంకెవరో వస్తున్నారు. మొన్న కోపంతో కాన్వాసు చించేశాను. మా పాప ఎనిమిదో తరగతి. "తాతయ్య ముక్కు ఇలా ఉండదు నాన్నా" అంటుంది. నా భార్య డబ్బులు దండగ అంటుంది. పెయింటింగ్ వేస్తే నిజంగానే ప్రశాంతత వస్తుందా, ఊరికే చెప్పే మాటా? మాకు దగ్గర్లో నెలకు మూడు వేలకు వీకెండ్ క్లాస్ ఉంది, చేరమంటారా? ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది.

— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు:

వస్తుంది. చాలామందికి వస్తుంది. కాకపోతే మీరు ఎంచుకున్న బొమ్మతో, మీరు పెట్టుకున్న గడువులోపల రావడం కష్టం. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మీ ఆఫీసాయన చెప్పింది గాలిమాటేమీ కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్లకు స్కెచ్ పెన్నులు, బంకమట్టి, అతికించుకోవడానికి కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలు తోచింది చేసుకోమని వదిలేశారు. ముందొకసారి, తర్వాతొకసారి ఉమ్మి తీసుకుని అందులో కార్టిసాల్ ఎంతుందో చూశారు. టెన్షన్ పడ్డప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. నూటికి డెబ్బై అయిదు మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్లకూ అసలు రానివాళ్లకూ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాట్సాప్‌లో తిరిగే కబురు ఇక్కడితో ఆగిపోతుంది. మిగతా పాతిక శాతం సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. వాళ్లలో కొందరికి ఏమీ మారలేదు, కొందరికి పెరిగింది కూడా. పైగా అది చిన్న అధ్యయనం, పోల్చి చూసుకోవడానికి బొమ్మలు వేయని గుంపు కూడా లేదు. కాబట్టి మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చింది అందులో ఒక్కటే: "తోచింది చేసుకోండి" అనడం. ఫలానా తేదీకల్లా మీ నాన్నగారి ముఖం అచ్చుగుద్దినట్టు వేసివ్వండి అని ఆ 39 మందికీ చెప్పి ఉంటే, ఆ లెక్క తలకిందులయ్యేదని నా అనుమానం.

మీరు చేస్తున్నది అదే. పగలంతా బ్యాంకులో టార్గెట్లు చూసి ఇంటికొచ్చి, మీకు మీరే ఇంకో టార్గెట్ పెట్టుకున్నారు. దాన్ని తనిఖీ చేయడానికి ఇంట్లో ఎనిమిదో తరగతి ఆఫీసరు కూడా ఉంది.

ఇక ముఖం సంగతి. స్కూల్లో చాలా ఏళ్లు డ్రాయింగ్ చెప్పిన మనిషిగా చెబుతున్నాను, బాగా తెలిసిన మనిషి ముఖాన్ని మించిన కష్టమైన బొమ్మ లేదు. చెట్టు కొమ్మ ఒక అంగుళం పక్కకు వెళ్లినా అది చెట్టే. పెదవి చివర ఒక్క నూలుపోగంత కిందికి జారితే నాన్న కాస్తా పక్కింటాయన అయిపోతాడు. తెలియనివాళ్ల ముఖంలో ఈ తేడాను మన కన్ను పట్టించుకోదు. నలభై ఏళ్లు రోజూ చూసిన ముఖంలో వెంటనే పట్టేస్తుంది. అందుకే మీ పాప "ముక్కు ఇలా ఉండదు" అంది. అది మీ చేతికి పెట్టిన వంక అనుకోకండి, ఆ పిల్లకు తాతయ్య అంత బాగా గుర్తున్నాడు. దానికితోడు మీరు చూసి వేస్తున్నది ఫొటో. నాకు తెలిసి మన ఇళ్లలో పెద్దవాళ్లకు మిగిలేవి ఆధార్ కోసం దిగిన ఫొటో, పెళ్లిలో ఫ్లాష్ కొట్టగా కళ్లు మూసుకున్న ఫొటో. అందులో వెలుగునీడలుండవు, ముఖమంతా ఒకే చదునుగా ఉంటుంది. దాన్ని చూసి మనిషిని తెమ్మంటే చేయి తిరిగినవాళ్లకే కష్టం.

అసలు పోలిక లేకుండానే మనిషిని చూపించే పద్ధతి మన దగ్గరే ఉంది. హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం, చేర్యాల. అక్కడ కథలు చెప్పడానికి బట్ట మీద వేసే నకాషీ పటాల్లో ఎవరి ముఖమూ ఎవరి పోలికతోనూ ఉండదు. పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, వెనకాల ఎర్రటి రంగు. ఒంటి రంగు, కట్టూబొట్టూ, చేతిలో ఉన్న వస్తువు చూసి ఎవరు దేవుడో ఎవరు మామూలు మనిషో జనం గుర్తుపట్టేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో పటం. కథ చెప్పేవాళ్లు దాన్ని వేలాడదీసి, రాత్రిళ్లు పాడుతూ ఒక్కో బొమ్మా చూపించేవాళ్లు. మీ నాన్నగారు "బొమ్మలు కూడు పెడతాయా" అన్నారు కదా, చేర్యాలలో కొన్ని కుటుంబాలకు తరతరాలుగా బొమ్మలే కూడు పెట్టాయి. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ తరంలో జీతం రాళ్లతో ఇల్లు నడిపిన చాలామంది తండ్రులు ఆ మాటే అన్నారు, వాళ్ల భయం వాళ్లది. వీలైతే ఒక ఆదివారం పాపను తీసుకుని చేర్యాల వెళ్లిరండి. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత పూసి, ఆరబెట్టి, ఆ తర్వాతగానీ గీత గీయరు. బొమ్మ మొదలవకముందే అంత పని ఉంటుందని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం దగ్గరికి వస్తాను. "ఎన్నిసార్లు లేవాలి నాన్నా" అని అరిచారు. ఉత్తరం మొత్తంలో మీరు మాటకు మాట రాసిన మీ సొంత మాట అదొక్కటే. రెండేళ్లు ప్రతి రాత్రీ లేచిన మనిషి, ఒక రాత్రి అరిచాడు. నిద్రలేని ఒళ్లు అరిచింది. ఆయన పోవడానికీ ఆ అరుపుకూ ఏ సంబంధమూ లేదు. ఇది మీకూ తెలుసు, తెలిసినా లోపల సర్దుకోవడం లేదు. ఆ తప్పును చెరిపేసుకోవడానికే మీరు కాన్వాసు ముందు కూర్చుంటున్నారేమోనని నాకనిపిస్తోంది. ముఖం కుదిరితే ఆయన క్షమించినట్టు, కుదరకపోతే లేనట్టు. ఇంత బరువు ఏ బొమ్మా మోయదు. అందుకే అది చిరిగిపోయింది.

ఆ మాట మోయగలిగేది మనిషే. మీ భార్యతో చెప్పండి. ఆ రాత్రి అలా అరిచాను, అదే చెవుల్లో మోగుతోంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. రెండేళ్లు పగళ్లు చూసుకున్నది ఆవిడ. పక్షవాతం మనిషికి తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, వచ్చిపోయే చుట్టాలకు టీలు పెట్టడం. ఆవిడా ఏదో ఒక మధ్యాహ్నం విసుక్కునే ఉంటారు, మీకు చెప్పి ఉండరు. "డబ్బులు దండగ" అన్న మాట వెనక కోపం డబ్బు మీద కాకపోవచ్చు. ఇన్నాళ్లకు ఇల్లు కాస్త ఖాళీ అయిందనుకుంటే, మీరు తలుపేసుకుని ఒంటరిగా కూర్చుంటున్నారు.

ఇంకో సంగతి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. పది నెలలుగా రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం, అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపించడం, ఈ రెండూ కలిస్తే డాక్టరుకు చూపించుకోవాలి. రంగులు దీనికి మందు కావు. మందు నడుస్తుండగా పక్కన సాయంగా ఉంటాయి, అంతే. ఫ్యామిలీ డాక్టరుతో మొదలుపెట్టినా సరే, లేదంటే నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంటుంది, ఆ పేరు వింటేనే మన ఊళ్లో జోకులేస్తారు, వేసుకోనివ్వండి. బయటికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిదే, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. "వెళ్లిపోవాలి" అన్న ఆలోచన ప్రాణం తీసుకోవాలన్న వైపు తిరిగితే, అది ఏ వేళైనా సరే, అదే నిమిషంలో ఆ నంబరుకు చేయండి, మీ భార్యను లేపండి. ఈసారి మీరు ఇంకొకరిని నిద్రలేపితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక రంగుల దగ్గరికి వద్దాం, ఇక్కడ నాకు చెప్పాలని చాలా ఉంది.

అక్రిలిక్కు కొన్నాళ్లు పక్కన పెట్టండి. మంచి రంగే, కానీ మీ ఇప్పటి మనసుకు పనికిరాదు. దాంట్లో ఒక పూత నచ్చకపోతే దానిమీద ఇంకో పూత వేయొచ్చు, అదీ నచ్చకపోతే ఇంకోటి. మీలాంటివాళ్లు రాత్రి పన్నెండు దాకా ముక్కును సరిచేస్తూ కూర్చుంటారు. నీటిరంగులు తీసుకోండి. బిళ్లల పెట్టె అయినా సరే, చిన్న ట్యూబులైనా సరే. 300 జీఎస్ఎం కాగితం, అంటే మందపాటిది, ఏ4 సైజు. పల్చటి డ్రాయింగ్ షీటు వద్దు, తడి తగలగానే అప్పడంలా లేస్తుంది. గుండ్రటి బ్రష్షులు రెండు, ఒకటి కాస్త లావుది. రెండు గ్లాసుల నీళ్లు, ఒక పాత బనియన్ గుడ్డ. కోఠీ, ఆబిడ్స్ వైపు స్టేషనరీ షాపుల్లో అన్నీ దొరుకుతాయి. విద్యార్థుల రకం కొంటే కాన్వాసులకు పెట్టినంత కూడా కాదు. షాపువాడు 48 రంగుల పెట్టె చూపిస్తాడు, చూసి తలూపి బయటికి రండి. మొదట్లో రెండు రంగులు చాలు: అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియన్నా అనే మట్టిరంగు. ఈ రెండూ కలిపితే బూడిదరంగులు ఎన్నో వస్తాయి. నీలం పాలు పెరిగితే వానకు ముందు ఆకాశం, మట్టిరంగు పెరిగితే మన ఊరి రాతిగుట్టలు.

మొదటివారం బొమ్మ వేయొద్దు. పూత వేయండి. ఎలాగంటే, కాగితాన్ని అట్టకు నాలుగువైపులా టేపుతో అంటించి, పైభాగం కింద ఒక లావుపాటి పుస్తకం పెట్టి కాస్త ఏటవాలుగా ఉంచండి. గిన్నెలో నీలం పల్చగా, మీకు కావాల్సినదానికంటే రెండింతలు కలుపుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం ఎవరి తరమూ కాదు. బ్రష్షు నిండా తీసుకుని పైన ఎడమ నుంచి కుడికి ఒక గీత లాగండి. గీత కింది అంచున నీళ్లు పూసలాగా నిలుస్తాయి. ఆ నిలిచిన తడిని అందుకుంటూ కింద ఇంకో గీత. మళ్లీ ఇంకోటి. చివరికి వచ్చాక బ్రష్షును గుడ్డకు ఒత్తి, కింద మిగిలిన తడిని పీల్చేయండి. అంతే, చేయి తీసేయాలి. పైన ఎక్కడో ఒక మచ్చ కనిపిస్తుంది, దాన్ని సరిచేద్దామని చేయి లాగుతుంది. సగం ఆరిన రంగులో మళ్లీ తడి బ్రష్షు పెడితే నీళ్లు వెనక్కి తన్ని, అంచులు విచ్చుకున్న పువ్వులాంటి మరక పడుతుంది. ఒకసారి పడితే అది పోదు. కాబట్టి ఊరుకోవాలి. ఊరుకోవడం అనే పని మీకు ఎవరూ నేర్పలేదు, ఈ రంగు బలవంతంగా నేర్పిస్తుంది.

మన ఊరి వాతావరణం సంగతి ఏ యూట్యూబ్ పాఠంలోనూ చెప్పరు. ఏప్రిల్, మే నెలల్లో సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే రెండో గీత లాగేలోపే మొదటి గీత ఆరిపోయి చారలు పడతాయి. చేతగాక అలా వచ్చిందనుకుంటారు. ఫ్యాన్ ఆపండి, చెమట పట్టినా సరే, లేదంటే పొద్దున్నే కూర్చోండి. జులై, ఆగస్టుల్లో తిరగబడుతుంది, ముసురు పట్టిన రోజు పూత గంటసేపైనా ఆరదు. అప్పుడు పక్కన కూర్చుని చూస్తూ ఉండటమే పని. రంగు ఆరేకొద్దీ తేలికైపోవడం కూడా గమనిస్తారు, తడిగా ఉన్నప్పుడు ఉన్న చిక్కదనం ఆరాక ఉండదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, శాంతి అనేది ఉన్నచోటు ఇదే. చేయి ఒక గీత లాగుతుంటే కన్ను తడి అంచును చూస్తుంటుంది, ఎప్పుడు ఆరుతుందా అని మనసు కాపలా కాస్తుంది. "ఆ రాత్రి నేను అలా అనకుండా ఉంటే" అన్న ఆలోచన తిరగడానికి ఆ కాసేపు ఖాళీ దొరకదు. వేసింది బాగుందా లేదా అన్న తీర్పుతో ఆ నిమిషాలకు పనిలేదు. మన ఆడవాళ్లు వాకిట్లో వేసే ముగ్గు చూడండి. పొద్దున్నే కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, వంగి మెలికలు కలుపుతారు. ఎనిమిదయ్యేసరికి స్కూటర్లు తొక్కేసి పోతాయి. ఎవరూ ఏడవరు, ఎవరూ ఫ్రేము కట్టించరు, మర్నాడు మళ్లీ వేస్తారు. (ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గుమ్మం ముందు స్టిక్కర్ అంటించేస్తున్నారు. ముగ్గు ఉంటుంది గానీ వేసే పదినిమిషాలు పోయాయి.) మీ పూతలను అలాగే చూడండి.

బొమ్మల వైద్యం అని ఇప్పుడు పెద్దగా చెప్పుకునేది మొదలైంది కూడా మంచం మీదే. ఆర్ట్ థెరపీ అన్న పేరు వాడుకలోకి తెచ్చింది ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు, 1942లో. క్షయతో శానిటోరియంలో పడి ఉన్న రోజుల్లో కదలకుండా బొమ్మలు వేసుకుంటూ కుదుటపడి, పక్క మంచాల వాళ్లకూ, యుద్ధంలో గాయపడి వచ్చిన సిపాయిలకూ అలవాటు చేశాడు. గోడకు పెట్టడం కోసం వేసినవి కావవి.

పూతలు విసుగు పుట్టాక వస్తువులకు రండి. మీ నాన్నగారి వస్తువులు. కళ్లజోడు ఉండే ఉంటుంది. మందుల డబ్బా, మంచినీళ్ల స్టీలు గ్లాసు, చేతికర్ర, ఆయన కూర్చున్న కుర్చీ. ముందు కళ్లజోడు. దాన్ని కిటికీ పక్కన తెల్లకాగితం మీద పెట్టండి. పెన్సిలు కాగితం మీద ఆనించి, కాగితం వైపు చూడకుండా కళ్లజోడునే చూస్తూ గీయండి. కన్ను ఎంత మెల్లగా నడిస్తే చేయి అంతే మెల్లగా నడవాలి. చూస్తే బొమ్మ వంకరటింకరగా, నవ్వొచ్చేలా వస్తుంది. రానివ్వండి. కానీ ఆ పది నిమిషాల్లో మీరు ఇంతవరకు చూడనివి చూస్తారు: ఒక కాడ మరోదానికంటే వదులుగా ఉంది, ముక్కుమీద ఆనే చోట ప్లాస్టిక్ పసుపు పచ్చబడింది, ఎడమ అద్దం మీద గీత ఉంది. ఆ గీత ఎప్పుడు పడిందో మీకు గుర్తొస్తే, అది ఫొటోలో దొరకని నాన్న. ఆరోజు కళ్లలో నీళ్లొస్తే పని ఆపి ఏడవండి, దానికేం కంగారుపడకండి. మరీ తట్టుకోలేనట్టు ఉంటే ఆ వస్తువు తీసేసి కూరగాయ ఏదైనా పెట్టుకోండి. వంకాయ చాలా ఓపికైన మోడల్.

ఇలా కొన్ని నెలలు చేశాక ముఖం వైపు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఫొటో లేకుండా. మన తోట వైకుంఠం గారి బొమ్మలు చూసే ఉంటారు. పెద్ద బొట్టు, ఎర్రచీరలు, ముదురు ఛాయ, తెలంగాణ పల్లె ఆడవాళ్లు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో చిన్నప్పుడు చూసిన తన తల్లి, ఆ ఊరి ఆడవాళ్లే ఆ బొమ్మలకు మూలం. జ్ఞాపకంలోంచి వచ్చిన మనిషికి ఫొటో పోలిక అక్కర్లేదు. మీ నాన్నగారు పేపరు చదువుతూ కూర్చున్న తీరు, వీపు వంపు, పంచె మడత వేస్తే చాలు, మీ పాప ఆయన్ని గుర్తుపట్టేస్తుంది. ముక్కు ఊసే రాదు.

రోజూ నాగోల్ నుంచి అమీర్‌పేట అంటే మెట్రోలోనే వెళుతుంటారనుకుంటాను. జేబులో పట్టే పుస్తకం ఒకటి పెట్టుకోండి. సీటు దొరికిన రోజు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చేతులు గీయండి. ముఖాలు వద్దు, బాగుండదు, చూసినవాళ్లు గొడవ పెట్టుకున్నా పెట్టుకుంటారు. ఫోన్ పట్టుకున్న చేయి, టిఫిన్ బ్యాగు మీద పెట్టిన చేయి. స్టేషన్ వచ్చి దిగిపోతే ఆ బొమ్మ అక్కడికి అయిపోయినట్టే. శుక్రవారం కాకుండా ఏదో ఒక సెలవు రోజున సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి, శుక్రవారం మూసి ఉంటుంది. ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర, గడియారం దగ్గర జనం విరగబడి ఉంటారు. అటు వద్దు. చేతికర్రల గ్యాలరీకి వెళ్లి నిలబడండి. లోపల గీసుకోవచ్చేమో గేటు దగ్గర ఒక మాట అడగండి, వద్దంటే చూసి వచ్చి ఇంట్లో గుర్తున్నంత గీయండి.

ఎప్పుడు కూర్చోవాలంటే, రాత్రి రెండింటికి మాత్రం కాదు. ఆ వేళ రంగులు తీస్తే ఒంటికి అదే అలవాటవుతుంది, రెండు కాగానే లేవడం ఖాయమైపోతుంది. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాక అరగంట. తలుపు తీసే ఉంచండి. పాప వచ్చి పక్కన కూర్చుంటే ఒక బ్రష్షు ఇవ్వండి, ఆమె కాగితం ఆమెది, మీ కాగితం మీది. "నా బొమ్మకు మార్కులు వేయొద్దు, నీ దానికి నేనూ వేయను" అని ముందే ఒప్పందం చేసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లకు ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలీదు. రోజంతా మార్కులే కదా వాళ్లకు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి, ఎవరివీ చూడకండి. అక్కడ నాలుగు గంటల పనిని నలభై సెకన్లలో చూపిస్తారు, చూసినవాడికి తన చేయి మొద్దుబారినట్టు అనిపిస్తుంది.

క్లాస్ సంగతి. మూడు వేలు ఇప్పుడే కట్టకండి. చేరాలనిపిస్తే ముందు ఒక క్లాస్ ఊరికే కూర్చుని చూస్తానని అడగండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. టీచరు మీ చేతిలోంచి బ్రష్షు తీసుకుని మీ బొమ్మ దిద్దడం మొదలుపెడితే రెండోవారం వెళ్లకండి. అందరిచేతా ఒకే సూర్యాస్తమయం, ఒకే కొబ్బరిచెట్టు వేయించి సాయంత్రానికి ఫొటో దింపి పంపే చోట సరదాగా ఉంటుంది, అంతకుమించి ఉండదు. మీ వయసువాళ్లు ఇద్దరు ముగ్గురున్నారా, ఎవరి వస్తువు వాళ్లు వేసుకోనిస్తున్నారా చూడండి. బోర్డు మీద ఆర్ట్ థెరపీ అని ఉంటే ఆ శిక్షణ ఎక్కడ తీసుకున్నారో మొహమాటపడకుండా అడగండి. బొమ్మలు బాగా నేర్పడం వేరు, దుఃఖంలో ఉన్న మనిషి పక్కన కూర్చోవడం వేరు.

సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలుంది కదా. మంచి స్టూడియోలో ఆయన ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పెట్టండి. దండ దానికే వేయండి. ఆరోజు వచ్చే చుట్టాల్లో ఎవరో ఒకరు "నువ్వు బొమ్మ వేస్తున్నావటగా, ఏదీ చూపించు" అనకమానరు. వంకాయ చూపించండి.

అక్రిలిక్ ట్యూబులు పారేయకండి. మూతల దగ్గర గడ్డకట్టిన రంగును గోటితో ఒలిచేసి, గట్టిగా బిగించి, పాపకు ఇచ్చేయండి. స్కూల్లో చార్టులు, మోడళ్లు అంటూ వాళ్ల ప్రాజెక్టులకు నెలలో ఖాళీ చేసేస్తుంది. మీ ఆవిడ చేత దండగ అనిపించుకోవాల్సిన పని కూడా తప్పుతుంది.